కాలు కడిగే నీళ్లలో ఉప్పు

మా అమ్మ కాలు కడిగే నీళ్లను మొదటిసారి ఎవరికీ చెప్పకుండా పరీక్షించాను. దానికి రెండు చుక్కలు చాలు. చేతిసంచిలో పట్టే ఆ పరికరం మూత ఎత్తి, గాజు పలక మీద చుక్కలు వేసి, మూత దించి, వెలుతురు వైపు తిప్పి కన్ను ఆనిస్తే, వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు ఎన్ని పాళ్లుందో లోపలి గీతల మీద కనిపిస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద ఈ పని నాకు నిత్యకృత్యం. మఠకన్యలు నడిపే వైద్యశాల వరండాలో, స్తంభం చాటున నిలబడి చేయడం మాత్రం అదే మొదలు.

గూడూరులో రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ప్రయోగశాలలో నాది విశ్లేషణ పని. రైతు తెచ్చిన సీసాలోని నీళ్లు ఆ రైతు చెరువువే అన్న నమ్మకం ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే పోయింది. తన రొయ్యకు జబ్బు తగిలిన సంగతి బయటికి పొక్కకూడదని పక్క చెరువులో నీళ్లు ముంచి తెచ్చేవాళ్లను చూశాను. తెల్లవారుజామున ముంచిన నీళ్లను మధ్యాహ్నం ముంచామని చెప్పేవాళ్లను చూశాను. అందుచేత చీటీ లేని సీసాను, మూత లేని పాత్రను, అడిగినదానికి నేరుగా జవాబు చెప్పని మనిషిని ఒకే వరుసలో పెట్టడం నాకు అలవాటైంది. వాకాడు వైపు, జాలర్ల పాలేనికీ వరి పొలాలకీ మధ్యనున్న ఆ చిన్న వైద్యశాలలో ఈ మూడూ నాకు ఒకేచోట కనిపించాయి.

అమ్మను అక్కడికి తీసుకుపోయింది నేను కాదు. ఆమే పోయింది. మా పొలం పక్కన చెరువులు తవ్వినప్పటి నుంచి గట్ల మీద గుల్ల పెంకులు తేలుతున్నాయి. చెప్పులు లేకుండా నడిచిన అమ్మకు బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, ఒక పెంకు దిగింది. ఏళ్ల తరబడి షుగరు ఉన్న కాలు కాబట్టి ఆమెకు నొప్పి తెలియలేదు. గచ్చు మీద మరకలు చూసి మా అన్న కనిపెట్టేసరికి పుండు లోతుగా పోయింది. నెల్లూరులో చూసిన సర్జన్ పాదం ముందు భాగం తీసేయడం మంచిదన్నాడు. అమ్మ ఆయన మాట పూర్తిగా విన్నది, తల ఊపింది, మరుసటి రోజు పాలెం నుంచి చేపలు తెచ్చే ఆమె వెంట సిస్టర్ల దగ్గరికి పోయి బెంచీ మీద కూర్చుంది.

అక్కడ సిస్టర్లు ముగ్గురు. ఒకరు పగలంతా బడిలో ఉండేవారు, ఆమెను నేను సరిగా చూడనేలేదు. రెండో ఆమె చిన్నది, నర్సింగు చదువుకున్నది, గుంటూరు వైపు మనిషి. ఆ ఇంటికి పెద్ద ఆమే కాబట్టి అందరూ మదర్ గారు అనేవారు. మందులు, ఇంజెక్షన్లు, వారానికోసారి వచ్చే డాక్టరుతో మాటలు, అన్నీ ఆమె చూసుకునేది. మూడో ఆమె వృద్ధురాలు. పుండ్లు, కాలిన గాయాలు, జెల్ల చేప ముల్లు గుచ్చుకున్న చేతులు ఆమెవి. పడుచు వయసులో కేరళ నుంచి వచ్చి, తెలుగును పాలెం ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్న మనిషి. అందువల్ల కలెక్టరు వచ్చినా ఆమె నోట నువ్వు అనే వచ్చేదని అక్కడివాళ్లు చెప్పుకునేవారు.

నన్ను మొదటిసారి చూసినప్పుడు ఆమె అన్న మాట, "ఏమ్మే, నువ్వేనా చదువుకున్న కూతురివి? మీయమ్మ కాళ్లకి చెప్పులు కొనలేకపోయినావా?"

"కొన్నాం సిస్టరమ్మా. వేసుకోదు."

"ఆ మాటే మీయమ్మ నీ గురించి చెప్పింది. అన్నీ చెప్తాం, వినదు అని."

అమ్మ నవ్వింది. నేను కెటిల్ వైపు చూస్తున్నాను. మూత ఊడిపోయిన అల్యూమినియం కెటిల్, మీద తెల్లటి గుడ్డ. అందులోని నీళ్లతో ఆమె పుండు కడిగి, అవే నీళ్లలో గాజుగుడ్డ తడిపి, పిండి, పుండు మీద పరిచి కట్టు కట్టేది.

"అందులో ఏముంది సిస్టరమ్మా?"

"నీళ్లు."

"ఉట్టి నీళ్లా?"

"ఉప్పు నీళ్లు."

"ఉప్పు ఎంత వేస్తారు?"

"సరిపోయినంత."

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఆ రోజే స్తంభం చాటున నా పరికరం తీశాను. గీత తొమ్మిది దగ్గర నిలబడింది. అది సముద్రపు ఉప్పుకు గుర్తులు గీసిన పరికరం. వంట ఉప్పుకు కొద్దిగా తేడా చూపుతుందని నాకు తెలుసు. ఆ తేడా తీసేసినా, ఒంట్లో రక్తానికి సరిపడే ఉప్పునీటికి దగ్గరగానే ఉంది. అయినా నా అనుమానం తీరలేదు, ఇంకా పెరిగింది. కొలత లేకుండా సరైన అంకె వస్తే, మా ప్రయోగశాలలో ఆ అంకెనే మొదట శంకిస్తాం.

మా అన్న అనుమానం వేరు. ఆయన పొలం చూసుకుంటాడు, ఊరి గుడి పనుల్లో ముందుంటాడు. అమ్మను బండి మీద తీసుకుపోయేది, తీసుకొచ్చేది ఆయనే. వైద్యశాల లోపలికి మాత్రం అడుగు పెట్టడు. గేటు బయట వేపచెట్టు నీడన బండి ఆపుకుని కిటికీలోంచి చూస్తూ ఉంటాడు. ఒకరోజు నాకు వీడియో పంపాడు. ముసలి సిస్టరమ్మ వంగి కట్టు కడుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట వినబడదు.

"చూసినావా?" అన్నాడు ఫోనులో. "ఏందో మంత్రం చదవతా ఉండాది. ఆ నీళ్లు కూడా తీర్థమే అయి ఉంటాయి. అమ్మని నిదానంగా కలిపేసుకుంటారు, చూడు."

"తీర్థంలో ఉప్పు వేస్తారో లేదో నాకు తెలీదన్నా. ఆ నీళ్లలో ఉప్పుంది."

"నువ్వు ఉప్పు చూడు. నేను అమ్మని చూస్తా."

ఆయన చూసిన విధం ఏమిటంటే, అమ్మ స్నానానికి పోయినప్పుడు ఆమె దిండు కింద, ట్రంకు పెట్టెలో, పూజ అలమరలో వెతికాడు. శిలువ గుర్తున్నదేదైనా దొరుకుతుందని. ఆ పూట అన్నానికి కూర్చున్నప్పుడు అమ్మ నెమ్మదిగా అడిగింది, "నా దిండు కింద వక్కపలుకులు ఉండాయి, కనపడలేదా నాయనా? తీసుకుని తినకపోయినావా?" అన్న తల ఎత్తకుండా పప్పు కలుపుకున్నాడు.

పెదవుల సంగతి నేను నేరుగా అడిగాను. "కట్టు చుట్లు లెక్కబెట్టుకుంటా ఉండా," అంది ముసలి సిస్టరమ్మ. నేను జాగ్రత్తగా గమనించాను. చుట్లు అయిపోయి ముడి వేశాక కూడా పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఈ సంగతి అన్నకు చెప్పలేదు. ఆయన అనుమానానికి నా చేత్తో మేత వేయదలచుకోలేదు. నా అనుమానాన్ని మాత్రం నాలోనే ఉంచుకున్నాను.

మొదటి వారాల్లో పుండు తగ్గింది. నేను ఆదివారాలు వచ్చినప్పుడు పారదర్శకమైన కాగితం పుండు మీద ఆనించి అంచు గీసుకునేదాన్ని. గీతలు ఒకదాని లోపల ఒకటి ఇమిడిపోతూ వచ్చాయి. ఆ ధైర్యంతోనే నెల్లూరు మళ్లీ తీసుకుపోయాం. సర్జన్ ఫోటో తీసి, పాత ఫోటోతో పోల్చి చూసి, ఎముక సంగతి తనకు ఇంకా అనుమానంగానే ఉందని చెప్పాడు. ఉగాది దాకా గడువిచ్చాడు. అప్పటికి పుండు అంచులు ఇంకా దగ్గరకు రాకపోతే పాదం ముందు భాగం తీసేస్తానని, ఆ తర్వాత ఆలస్యం చేస్తే చీలమండ దాకా పోతుందని అన్నాడు. ఆసుపత్రిలో మంచం కూడా రాయించుకోమన్నాడు. అన్న రాయించాడు.

ఆ మాట అమ్మ ముసలి సిస్టరమ్మకు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె చేతులు ఆగలేదు. "సరే, చూస్తాలే," అంది. ఎవరు చూస్తారో, ఏం చూస్తారో తెలియని ఆ మాటను కూడా నేను చీటీ లేని సీసాల వరుసలోనే పెట్టాను.

ఆ వారంలోనే, ఈస్టరుకు ముందు వచ్చే వాళ్ల తపస్సు కాలం మొదలైంది. విభూది బుధవారం నాడు ఇద్దరి నుదుటి మీదా బూడిద గుర్తుంది. అన్న గేటు బయటి నుంచి దాన్ని కూడా ఫోటో తీశాడు. "మనం పెట్టుకుంటే మూఢనమ్మకం," అని దాని కింద రాసి నాకు పంపాడు.

ఆ తర్వాత నుంచి కాలు మానడం ఆగిపోయింది. రెండు ఆదివారాల గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడోది బయటికి జరిగింది. పుండు చుట్టూ చర్మం తెల్లగా, నీళ్లలో ఎక్కువసేపు నానిన వేళ్ల మాదిరి మెత్తబడింది. ఆ మూడు ఆదివారాల్లోనూ నేను మళ్లీ రెండేసి చుక్కలు తీసుకున్నాను. మొదటి వారం గీత ఏడు దగ్గర ఉంది. మరుసటి వారం ఆరు. ఆ తర్వాత అయిదు. పరికరం తప్పేమో అని స్వేదన జలంతో సున్నా సరిచూసుకున్నాను. కొద్దిగా నీళ్లు సీసాలో పట్టి ప్రయోగశాలకు తీసుకుపోయి మరో పద్ధతిలో చూశాను. ఫలితం మారలేదు. ఎవరో ఆ నీళ్లను పలచన చేస్తున్నారు.

అప్పుడు నా అనుమానాలన్నిటికీ ఒక ఆకారం వచ్చింది. ఉప్పునీళ్లలో ఇంకేవో నీళ్లు కలుస్తున్నాయి. అన్న చెప్పిన తీర్థమే కలుస్తూ ఉండవచ్చు. తపస్సు కాలంలో వాళ్లకు అటువంటి ఆచారమేదైనా ఉందేమో నాకు తెలియదు. లేదా ఒకరు కాచిన నీళ్లలో మరొకరు చన్నీళ్లు పోస్తున్నారేమో. తీరాన ఉన్న కేంద్రం నుంచి రాకెట్ పోయే రోజున పడవలను సముద్రంలోకి పోనివ్వరు కాబట్టి, చాలాకాలంగా వాయిదా వేసుకున్న పుండ్లూ దెబ్బలూ పట్టుకుని పాలెం మొత్తం ఆ రోజే బెంచీ మీదికి వస్తుంది. అటువంటి రోజున కెటిల్ చాలక నీళ్లు పోశారేమో. కానీ ఆ వారాల్లో రాకెట్ ఏదీ పోలేదు.

పనికి ఒక రోజు సెలవు పెట్టి, వాళ్లు నీళ్లు కాచే వేళకు పోయాను. వంటగది వాకిలి పక్కన ఆరేసిన బూడిదరంగు చీరల వెనక నిలబడ్డాను. ముసలి సిస్టరమ్మ ఒక్కతే ఉంది. గిన్నె మీద మూత పెట్టి నీళ్లు తెర్లబెట్టింది. చల్లారనిచ్చింది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. జాడీలోంచి కల్లుప్పు తీసి వేసి, కాచిన గరిటెతో తిప్పి, ఆ గరిటెతోనే ఒక్క చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని నాలుకకు తాకించింది. కాసేపు అలాగే నిలబడింది. ఇంకో నాలుగు పలుకులు వేసింది. మళ్లీ చుక్క, మళ్లీ నాలుక. తృప్తి పడినట్టు తల ఊపి, నీళ్లను మళ్లీ పొయ్యి మీద పెట్టి కాచి, కెటిల్ లోకి వంచింది. ఇంకెవరూ రాలేదు. ఇంకేమీ కలవలేదు.

ఆమె కొలత నాలుక అని అప్పుడు తెలిసింది. కానీ తెలిసినది సరిపోలేదు. అదే నాలుక చలికాలంలో తొమ్మిది చూపింది, ఇప్పుడు అయిదు చూపుతోంది. పరికరం దారి తప్పితే దాన్ని తెలిసిన ద్రావణాలతో సరిచూస్తాం. నాకు తెలిసిన పద్ధతి అది ఒక్కటే.

మరుసటి ఆదివారం మూడు గాజు గ్లాసులు పట్టుకుపోయాను. ఒకదానిలో ఉట్టి కాచిన నీళ్లు, ఒకదానిలో వెయ్యికి అయిదు పాళ్లు, ఒకదానిలో తొమ్మిది, ప్రయోగశాలలో తూచి కలిపినవి. ఏది ఏదో గ్లాసుల అడుగున గుర్తు పెట్టుకున్నాను. అమ్మ బెంచీ మీద కాలు చాపుకుని ఉంది. మదర్ గారిని కూడా పిలిచాను. అన్న గేటు దాకా వచ్చి, ఎప్పటిలా అక్కడే నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, వీటిలో పుండు కడగడానికి సరైనవి ఏవో చెప్పండి."

ఆమె నన్నూ గ్లాసులనూ చూసింది. "పరీక్షా? నాకా?"

"మీకు కాదు, నీళ్లకు."

"నీళ్లకైతే నువ్వే తాగు."

"చెప్పండి సిస్టర్," అంది మదర్ గారు, నవ్వుతూ. "వారి పద్ధతి వారిది."

ముసలి సిస్టరమ్మ మూడింటినీ అరచేతిలో చుక్క చుక్క వేసుకుని చూసింది. ఇవే అన్నట్టు అయిదు పాళ్ల గ్లాసును ముందుకు తోసింది. తొమ్మిది పాళ్లది మరోసారి తాకించుకుని ముఖం చిట్లించింది. "ఇది సముద్రం. కాల్చేస్తాది."

మదర్ గారు కూడా ఆ తొమ్మిది పాళ్లది రుచి చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది. "సిస్టర్, ఇదే కదా సరైనది? కన్నీళ్ల రుచి రావాలని నాకు చూపించింది మీరే. ఇది కన్నీళ్ల రుచి."

"నాకూ ఒక చుక్క ఇయ్యండి," అంది అమ్మ. ఇచ్చాం. మూడూ చప్పరించి, "దేంట్లోనూ ఉప్పు లేదు," అని తేల్చింది. పూటకో గోంగూర పచ్చడి ముద్ద లేనిదే అన్నం దిగని నోరు అది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మదర్ గారు ముసలి సిస్టరమ్మనే చూస్తోంది. వాళ్ల ఇంట్లో వంట వంతులవారీగా చేసుకుంటారు. ఆ వారం వంతు మదర్ గారిది. "గంజిలో నేను ఉప్పు వేయకముందే మీ గిన్నె తీసి పక్కన పెట్టుకుంటున్నారు," అంది మెల్లగా. "కూర కూడా ముట్టడం లేదు. బీపీ కోసమేమో అనుకున్నాను. విభూది బుధవారం నుంచా?"

ముసలి సిస్టరమ్మ తడి అరచేతిని కొంగుకు తుడుచుకుంది.

"సిస్టర్, ఉప్పు మానేశారా?"

ముసలి సిస్టరమ్మ గ్లాసులు ఒకదాని పక్కన ఒకటి సర్దింది. "మానేస్తే ఏమి? మీరందరూ మాంసం మానలా?"

వారాల తరబడి ఉప్పు తగలని నాలుకకు కొద్దిపాటి ఉప్పే ఎక్కువగా తోస్తుంది. ఆమె తనకు తెలిసిన రుచి కోసమే ప్రతి ఉదయం వెతికింది. ఆ రుచి ఆమె నాలుక మీద ప్రతి వారం ఇంకొంచెం కిందికి దిగిపోయింది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ నీళ్లు కలపలేదు. ఈ వివరణలో నేను పట్టుకోగల తప్పు ఏదీ లేదు. అయినా ఒక ప్రశ్న మిగిలింది. మొదటి రోజు అడిగినప్పుడే రుచి చూసి వేస్తాను అని ఎందుకు చెప్పలేదు? నోరు కట్టుకున్న సంగతి పక్క గదిలో పడుకునే మనిషి దగ్గర కూడా ఎందుకు దాచింది?

మదర్ గారు నాకు చెప్పింది, "ఉపవాసం పదిమందికీ తెలిస్తే అది ఉపవాసం కాదని మాకు నేర్పుతారు. ఏదైనా కోరుకుని మానేస్తే ఇంకా దాచుకుంటాం." ఆ తర్వాత ఆమె ముసలి సిస్టరమ్మ వైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది. "సిస్టర్, ఈ పూట నుంచి మీరు మాతో పాటు ఉప్పు వేసిన అన్నమే తినాలి. పచ్చడి కూడా. ఇది నేను చెబుతున్నాను."

తన వయసులో సగం కూడా లేని మనిషి ముందు ఆమె చేతులు కట్టుకుని నిలబడి, "సరే మదర్," అంది. నాకు ఆ విధేయత మీద కూడా నమ్మకం కుదరలేదు. ఒక మాటతో మానగలిగేది అయితే, ఇన్ని వారాలు అంత గట్టిగా ఎందుకు పట్టుకుంది? ఒక మాటతో మానలేనిది అయితే, ఆ ముఖం అంత ప్రశాంతంగా ఎలా ఉంది?

ఆమె నా పక్కనుంచి పోతూ ఆగింది. "కనిపెట్టినావుగా అమ్మాయ్. పని తెలిసినదానివే." కోపం లేదు అందులో. దొంగ సొత్తు పట్టుబడినట్టు కాదు, చేతిలోంచి ఏదో జారి పగిలినట్టు ఉంది ఆ గొంతు.

అమ్మ మాత్రం ఏడుస్తోంది. "ఆ డాక్టరు కాలు తీసేస్తానన్నాడని చెప్పిన రోజు, చూస్తాలే అనింది. ఆ రోజే మానేసింది. నా కాలి కోసం మానేసింది."

గేటు దగ్గర నుంచి అన్న మొదటిసారి లోపలికి వచ్చాడు. అంతా విన్నాడు. "ఆమె దేవుడి కోసం ఉప్పు మానేస్తే మాయమ్మ కాలు పోవాల్నా?" అన్నాడు. "ఇట్టాంటి వైద్యం యాడన్నా ఉండాదా? పద మా. ఇప్పుడే నెల్లూరు పోదాం. మంచం రాయించి ఉండాది గదా."

"నేను రాను."

"కాలు పోతుంది మా."

"నువ్వు చెప్పే చోటికి పోయినా పోయేదే గదా అది. ఈడ ఉంటే ఉండొచ్చు."

ఇద్దరూ నన్ను చూశారు. తూచి చెప్పే మనిషిని నేనే అని ఇంట్లో అందరి నమ్మకం. నాకు తెలిసినది తక్కువ. పలచనైన నీళ్ల వల్లే చర్మం నానిందని నేను రుజువు చేయలేను. ఆ రోజుల్లోనే అమ్మ చెప్పకుండా గట్టు మీదికి నడిచి ఉండవచ్చు. పండుగలూ పెళ్లిళ్లూ అయి షుగరు పెరిగి ఉండవచ్చు. పైగా ఆ ఉపవాసం అమ్మ కాలి కోసమే అన్న దానికి సాక్ష్యం అమ్మ మాట ఒక్కటే. సర్జన్ గడువు చెప్పిన రోజూ విభూది బుధవారమూ ఒకే వారంలో పడ్డాయి. ఏ కారణమైనా ఆ తేదీకి సరిపోతుంది. ఆమె ప్రతి ఏడూ అలాగే ఉప్పు మానేస్తుందేమో ఎవరికి తెలుసు?

నేను అన్నాను, "ఉగాది దాకా గడువు ఆయన ఇచ్చిందే. అంతవరకూ ఇక్కడే కట్టిద్దాం. నీళ్లు నేను చెప్పినట్టు కలపాలి. వారం వారం చూస్తాను. తొమ్మిదికి దగ్గరగా లేకపోతే అదే రోజు తీసుకుపోదాం."

అన్న ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. బండి తాళం వేలికి తిప్పుకుంటూ బయటికి పోయాడు.

నేను గీత గీసిన ఒక ప్లాస్టిక్ కప్పు, అంచుకు సమంగా తుడిచి వేయవలసిన ఒక చెంచా ఇచ్చాను. కల్లుప్పు పలుకులు చిన్నవీ పెద్దవీ కలిసి చెంచాలో ఒకేలా పడవు కాబట్టి పొడి ఉప్పు వాడమన్నాను. ముసలి సిస్టరమ్మ నేను చెప్పినట్టే చేసింది. చేసి, ఆ తర్వాత ఒక చుక్క నాలుకకు తాకించుకుని చూసేది. నా చెంచాను ఆమె నమ్మలేదు, ఆమె నాలుకను నేను నమ్మలేదు. మదర్ గారు ఆమె కంచంలో మామిడికాయ ఊరగాయ బద్ద పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేదట. ఆ సంగతి చెబుతూ అమ్మ కళ్లు తుడుచుకుని, వెంటనే నవ్వింది. "మందు మింగినట్టు మింగతా ఉండాది పాపం. మనకైతే పండగ."

తర్వాతి ఆదివారం గీత ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఉంది. ఆపైన తొమ్మిది. తెల్లబడ్డ చర్మం ఆరింది. అంచున సన్నగా, గులాబీ రంగులో కొత్త చర్మం కనిపించింది. ఆ రోజుల్లోనే డాక్టరు షుగరు మాత్రలు మార్చాడు, మదర్ గారు చెప్పులో బొటనవేలి కింద గుంట కోయించి అమ్మ చేత వేయించింది. వీటిలో దేని వంతు ఎంత అని నన్ను అడిగితే నేను చెప్పలేను. అన్నీ ఒకేసారి మార్చిన ప్రయోగం ఏమీ తేల్చదు.

ఉగాది వెళ్లిన మూడో రోజు నెల్లూరులో సర్జన్ అమ్మ పాదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఎముక ఫోటో మళ్లీ తీయించాడు. మంచం రద్దు చేసుకోమన్నాడు. కాలు తీయాల్సిన అవసరం కనబడటం లేదని, కట్టు మాత్రం మానేదాకా ఆపవద్దని చెప్పాడు. అన్న ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తిరిగి వస్తుంటే అమ్మ అద్దె కారును నేరుగా వైద్యశాలకు పోనిమ్మంది. వాళ్లకు అది ఇంకా తపస్సు కాలమే. వరండా ఖాళీగా ఉంది. ముసలి సిస్టరమ్మ సంగతి విని, సరే అన్నట్టు తల ఊపి, స్టూలు లాక్కుని కట్టు విప్పింది. కడిగింది. వంగి చూసింది. ఎప్పటిలాగే పెదవులు కదులుతున్నాయి.

ఇంకెప్పుడూ అడగలేనని తోచి అప్పుడే అడిగాను. "సిస్టరమ్మా, ఉప్పు మానింది మా అమ్మ కాలి కోసమేనా?"

అమ్మ ముందుకు వంగింది. ముసలి సిస్టరమ్మ తల ఎత్తలేదు. "కాలు కదపాకమ్మా," అంది అమ్మతో. గాజుగుడ్డ తడిపి, పిండి, పరిచింది. మధ్యలో ఇంకా గోరంత మేర మానలేదు. అది నేనూ చూశాను. ముడి వేసి లేచి, చేతులు తుడుచుకుంది.

"ఇంకా మానలా. రేపు తీసుకురండి."

మా అన్న అంతదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, కెటిల్ మీది గుడ్డ ఎత్తి, వంగి నీళ్లలోకి చూశాడు, వాసన చూశాడు. గుడ్డ మళ్లీ సరిగా కప్పాడు.

"ఎన్నింటికి తీసుకురావాల?" అన్నాడు ఆమెతో.